తారుమారైన జాయ్‌స్టిక్‌లు

2006, ఆదివారం రాత్రి, తాడేపల్లిగూడెం

ఇవాళ నా గేమ్ సెంటర్లో నెత్తురు కడిగాను. చర్చి నుంచి తెల్లచొక్కాలతో నేరుగా వచ్చి డేవిడ్, వాళ్ల తమ్ముడు శామ్యూల్ బాక్సింగ్ ఆటకు కూర్చున్నారు. డేవిడ్ బటన్ నొక్కితే శామ్యూల్ బొమ్మ గుద్దుతోంది, ఆ గుద్దులన్నీ డేవిడ్ బొమ్మకే. "ఆగమంటే ఆగవేంట్రా!" అంటూ డేవిడ్ జాయ్‌స్టిక్‌తో తమ్ముడి నుదురు పగలగొట్టాడు. కిందపడినవాణ్ని కడుపులో తన్నాడు.

పొద్దున ఊడుస్తూ వైర్లు పీకి మళ్లీ పెట్టాను. జాయ్‌స్టిక్‌లను కంప్యూటర్‌కు కలిపే ఈ దిక్కుమాలిన డ్రైవర్ ప్రోగ్రామ్ ఆ రెండింటినీ తారుమారు చేసేసింది. సాయంత్రానికి ఆ కోడ్ సరిచేసి ఆసుపత్రికి వెళ్లాను. శామ్యూల్‌కు కుట్లు పడ్డాయి.

"తప్పు మెషీన్‌దయ్యా, బాగుచేసేశాను" అన్నాను డేవిడ్‌తో.

"వాడు పడిపోయాక కూడా నా బటన్‌కి వాడి బొమ్మే గుద్దిందండీ. వాడి తప్పు కాదని అప్పుడే తెలిసిపోయింది" అన్నాడు.

కడుపులో తన్నింది ఆ తర్వాత కదా...