ఆకులు తినే కొడుకు

6 ఫిబ్రవరి 2024, మంగళవారం

ఇవాళ ఆ కంటైనర్ తెరిచాం. పోర్ట్ క్లాంగ్‌లో మా కోల్డ్ స్టోర్ యార్డ్‌లో శుక్రవారం నుంచి నిలబడి ఉంది. చైనీస్ న్యూ ఇయర్ స్టాక్. ఫ్రోజెన్ కోడి కాళ్ళు. కరెంటు ప్లగ్ ఎవరో తీశారు, మళ్ళీ పెట్టలేదు. సూపర్‌వైజర్ని కాబట్టి తలుపు దగ్గర నేనే నిలబడాలి, ఫోటోలు తీయాలి, ఇన్సూరెన్స్ వాళ్ళకి పంపాలి. తలుపు తీయగానే ముందు నీళ్ళు వచ్చాయి. ఎర్రగా ఉన్నాయి. ఆ తర్వాత వాసన.

మాస్కు మీద మాస్కు పెట్టుకున్నాం. అంతా పారేసే లారీలోకి ఎక్కించేసరికి సాయంత్రమైంది.

ఇంటికొస్తే నా భార్య తర్షిణి కోడి వరువల్, అంటే వేపుడు, చేసి పెట్టింది. అన్నం కలిపాను, నోట్లో పెట్టుకోలేక లేచిపోయాను. జ్వరమా అని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కాదు, పని ఎక్కువైంది అన్నాను.

8 ఫిబ్రవరి

సబ్బు మార్చాను. వాసన పోలేదు.

18 ఫిబ్రవరి, ఆదివారం

వాసన పోయింది. తినబుద్ధి మాత్రం రావడం లేదు.

అన్నీ కాళ్ళే. అన్ని కాళ్ళు ఒక్కచోట చూస్తే మిగతా ఒళ్ళంతా ఎటు పోయిందో అనిపిస్తుంది. ఇన్నేళ్ళుగా పేపర్ల మీద పౌల్ట్రీ అని టైపు చేస్తూనే ఉన్నాను, ఎప్పుడూ అనిపించలేదు.

ఆఫీసులో కుగన్‌కి చెప్పాను. కస్టమ్స్ పని చూస్తాడు, జిమ్‌కి పోతాడు, రెండేళ్ళుగా వీగన్. చికెన్ ఒక్కటి మానేస్తే ఏం లాభం బ్రో, పాలు, గుడ్డు, పెరుగు కూడా వదిలెయ్ అన్నాడు. వీడియోలు పంపాడు. దూడని తల్లి దగ్గర్నుంచి లాక్కెళ్ళేది చూశాను. ఆ తర్వాతది చూడలేదు.

టీ పాలు లేకుండా తాగుతున్నాను. బాగోలేదు. అయినా తాగుతున్నాను.

3 మార్చి, ఆదివారం

తర్షిణి ఇవాళ తేల్చి చెప్పేసింది. తను కిండర్‌గార్టెన్‌లో పొద్దున్నుంచి పిల్లలతో అరిచి వస్తుంది. రెండు వంటలు తన వల్ల కాదు. నీది నువ్వే వండుకో అంది. కోపంగా అనలేదు, పిల్లలకి సెలవు చెప్పినంత మామూలుగా అంది. న్యాయమే.

నాకు నలభై ఆరేళ్ళు. ఆవాలు ఏ డబ్బాలో ఉంటాయో తెలియదు.

మొదటి వంట కాంగ్‌కుంగ్ ఆకు వేపుడు. తడిసిన తాడులా వచ్చింది. తర్షిణి చేసినప్పుడు ఎంత బాగుంటుందో. ఆ రుచి ఆకుది కాదట, అందులో వేసే బెలచాన్‌ది, అంటే ఎండురొయ్యల ముద్దది. ఇన్నాళ్ళూ నేను రొయ్యల్ని మెచ్చుకుంటూ వచ్చానన్నమాట.

ఉప్పు చల్లుకుని తినేశాను.

16 మార్చి, శనివారం

ఇవాళ బాగా కుదిరింది. రాసుకోవాలి.

టెంపే. పులిసిన సోయా గింజల బిళ్ళ. దాన్ని సన్నగా కోసి, పసుపూ ఉప్పూ రాసి, నూనెలో కరకరలాడేలా వేయించాను. ఇంకో బాణలిలో ఉల్లిపాయ వేయించి, చింతపండు, ఎండుమిర్చి, చెరకు బెల్లం వేసి దగ్గరపడేదాకా కదిపి అందులో దొర్లించాను. ఉల్లిపాయ ఓపిగ్గా వేగితే ఎంత తియ్యగా అవుతుందో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. ఎన్నిసార్లు తిన్నాను ఉల్లిపాయ! వేగుతుంటే పక్కన నిలబడి చూడటం ఇదే మొదటిసారి.

తర్షిణి దాటుకుంటూ పోతూ ఒక ముక్క తీసుకుంది. మళ్ళీ వచ్చి ఇంకోటి తీసుకుంది. గిన్నె ఖాళీ అయింది.

ఎండు పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్ళు పారబోయకూడదు. పులుసులో పోస్తే చాలు, చేప గుర్తు రాదు. అంటే, గుర్తొస్తుంది గానీ బాధ పెట్టదు.

కడుపు తేలిగ్గా ఉంది. పొద్దున్నే లేవగానే ఇవాళ ఏం వండాలి అని ఆలోచిస్తున్నాను. ఇది నాకే నవ్వొస్తోంది.

10 ఏప్రిల్, బుధవారం, సుంగై సుమున్‌ నుంచి వచ్చాక

తిన్నాను. పీత తిన్నాను.

ఉగాదికని నిన్న అమ్మ దగ్గరికి వెళ్ళాం. అమ్మ పేరు మరిడమ్మ. డెబ్భై మూడేళ్ళు. సుంగై సుమున్‌లో మా అక్క ఇంటిని ఆనుకునే ఉంటుంది. పండగ రోజు ఇంట్లో నీచు ఉండదు కాబట్టి నిన్న గండం గడిచింది. ఇవాళ హరి రాయా, అంటే రంజాన్ సెలవు. పొద్దున్నే అమ్మ బగాన్ డాతుక్ పడవల దగ్గరికి మనిషిని పంపించి పీతలు తెప్పించింది. నేనొస్తే తెప్పిస్తుంది. నేను చదువుకునే రోజుల నుంచీ అంతే.

అమ్మకి చెప్పలేదు. ఫోన్లో ప్రతిసారీ చెప్దామనుకోవడం, వేరే మాటల్లో పడిపోవడం.

పులుసు పెట్టింది. పెద్ద డెక్క తీసి, రోకలితో చితక్కొట్టి, లోపలి కండ ముక్కలవకుండా బయటికి లాగి నా కంచంలో పెట్టింది. తిను బాబూ, సల్లారిపోద్ది అంది. ఎదురుగా కూచుంది. నేను తినేదాకా తను ముద్ద ముట్టదు.

తిన్నాను. రుచిగానే ఉంది. అబద్ధం ఎందుకు.

తర్షిణి నా వంకే చూస్తోంది. కారు సబక్ బెర్నాం దాటాక అంది. నాకైతే చెప్పగలిగావు, రెండు నెలలుగా నా వంట ముట్టలేదు, మీ అమ్మ ముందు మాత్రం నోరు పెగల్లేదు అంది. నా చేతి కూర వద్దంటే నేను బాధపడనా అంది.

11 ఏప్రిల్

కడుపులో ఏ ఇబ్బందీ లేదు. నా మీద నాకు కోపం అందుకే.

20 ఏప్రిల్, శనివారం

అమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను. తర్షిణిని పక్కన కూచోబెట్టుకుని చేశాను. స్పీకర్లో పెట్టాను.

ముందు అర్థం కాలేదు. డాట్రు వద్దన్నాడేటి అంది. లేదన్నాను. మొక్కుకున్నావా, ఏ సామికి, ఎన్నాళ్ళు అంది. మొక్కు కాదు, ఎప్పటికీ అన్నాను. కోడలు సరిగా పెట్టట్లేదేటి అంది. తర్షిణి నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది. మొన్న పీతలు తిన్నావు కదరా అంది. నీకు చెప్పలేక తిన్నాను అన్నాను.

నేనెట్టింది ఇష్టం లేకుండా తిన్నావా అంది. ఫోన్ పెట్టేసింది.

2 జూన్, ఆదివారం

అమ్మ నాకు ఫోన్ చెయ్యడం మానేసింది. తర్షిణికి చేస్తుంది. అమ్మ కంట్లో పొర ముదిరిందని, ఆపరేషన్ క్లాంగ్‌లోనే చేయిద్దామని, వాళ్ళిద్దరూ మాట్లాడుకుని రోజు కూడా పెట్టేసుకున్నారు. నాకు చివర్లో తెలిసింది. కారు నడపాలి కదా.

19 జూన్, బుధవారం

ఆపరేషన్ బాగా జరిగింది. ఎడమ కన్ను. ప్లాస్టిక్ మూత అంటించి పంపారు. పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నారు. రెండు వారాలు మా ఇంట్లోనే.

నాతో అవసరమైనవే మాట్లాడుతోంది. మంచినీళ్ళు. ఫ్యాను. అంతే.

22 జూన్, శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే మార్కెట్లో మరవల్లి దుంప, అదే కర్రపెండలం మొక్క లేత ఆకులు కనిపించాయి. నిగనిగలాడుతున్నాయి. అమ్మకి చేసి పెట్టాలనిపించింది. ఎస్టేటు కూలీల్లో పెరిగిన మనిషి కదా, ఇష్టంగా తింటుంది అనుకున్నాను. బాగా ఉడికించి, నీళ్ళు పిండి, పచ్చిమిర్చి, చిన్న ఉల్లిపాయలు, పసుపు దంచి వేసి, కొబ్బరిపాలలో దగ్గరికి రానిచ్చాను. నా చేతిలో ఇంత బాగా ఏదీ కుదరలేదు. గిన్నె తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

ఒంటి కంటితో చూసింది. వేలితో ఆకు కదిపింది. ఇది ఎవులు వండినారు అంది. నేనే అన్నాను. కంచం జరిపేసి లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

వెనకే వెళ్ళాను. మంచం మీద కూచుని ఉంది. తన మాటలు తనవిగానే రాస్తున్నాను.

మా యమ్మ మూడు పూటలా ఇదే ఉడకేసేదిరా. ఉప్పుంటే ఉప్పు, లేపోతే లేదు. కంగాణీ మేస్త్రీ ఇంటి కాడ ఎండు సేప కాలుస్తుంటే ఆ వాసన పీల్సుకుంటా ఇది తినీవోలం. మా తమ్ముడు ఇది తినలేక ఏడ్సి ఏడ్సి పడుకునీవోడు. నాకు పిల్లలు పుడితే ఆలకి ఈ ఆకు సూపించకూడదనుకున్నాను. మీ అయ్య పోయినాక పామాయిల్ తోటలో రాలిన కాయలు ఏరినాను, నడుం పడిపోయినాది. నీ కంచంలో సేప లేని రోజు ఉన్నాదేటి? సెప్పు. నాను తిన్న ఆకులు సాలవేటి? నువ్వెందుకురా మల్లా అక్కడికి పోయినావు? నానేటి తప్పు సేసినాను?

తర్షిణి వచ్చి పక్కన కూచుని అమ్మ చేతులు పట్టుకుంది. నేను వంటింట్లోకి వచ్చేశాను.

కూర నేను కూడా తినలేకపోయాను.

23 జూన్

తర్షిణి చేపలు వేయించింది. ఇద్దరూ ముళ్ళు తీసుకుంటూ తమిళంలో ఏవో కబుర్లు చెప్పుకుంటూ తిన్నారు. అమ్మ నవ్వింది కూడా. నేను పప్పూ అన్నం కలుపుకుని సింకు దగ్గర నిలబడి తిన్నాను.

27 జూన్, గురువారం

తర్షిణికి ఇపోలో ట్రైనింగ్. పొద్దున్నే వెళ్ళిపోయింది, రేపు సాయంత్రం గాని రాదు. నేను లీవు పెట్టాను. అమ్మకి రసం, అన్నం చాలట. నా గురించి ఇబ్బంది పడొద్దంది. పరాయి వాళ్ళింట్లో ఉన్నట్టు అంది.

మార్కెట్‌కి వెళ్ళి కెంబుంగ్ చేపలు కొన్నాను. కొట్టువాడు పొట్ట తీసిచ్చాడు. ఇంటికొచ్చి ఉప్పూ చింతపండూ వేసి కడిగాను. అసహ్యం వేస్తుందేమో అనుకున్నాను. వెయ్యలేదు. వాటి కళ్ళు మాత్రం చూడలేదు. కుగన్‌కి చెప్తే ఏమంటాడో తెలుసు. చెప్పను.

పులుసు మరుగుతుంటే గరిటెలో కొంచెం తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఉప్పు చూడమన్నాను. నువ్వు సూడవేటి అంది. లేదమ్మా, చూడను అన్నాను. గరిటె వైపు చూసింది, నా వైపు చూసింది. నాలిక మీద వేసుకుంది. ఉప్పు సాలదు, పులుపెక్కువైనాది, ఇంకాసేపు మరగనీ అంది.

వడ్డించాను. తింటోంది. అప్పుడు చెప్పాను. రోజుల తరబడి మనసులో అనుకుంటున్నదే, బయటికి మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చింది. అమ్మా, నువ్వు వేరే ఏదీ లేక తిన్నావు. నాకు అన్నీ ఉన్నాయి. వద్దు అనగలుగుతున్నానంటే నువ్వు పెట్టబట్టే. లేనివాడు వద్దనలేడు కదా.

అమ్మ ముల్లు తీసి కంచం అంచున పెట్టింది. మాటలు బాగా నేర్సినావు అంది.

నీ కంచంలో ఏటున్నాది అంది. పప్పు, దోసకాయ అన్నాను. వంగి చూసింది. ఇదేం కూడురా అంది.

28 జూన్, ఉదయం 7

అమ్మ నాకంటే ముందే లేచి సోఫాలో కూచుని ఉంది. లేత పనసకాయ దొరుకుతాదేటి ఇక్కడ అని అడిగింది. దొరుకుతుందన్నాను. మరి ఇంకా నిలబడ్డావేటి అంది.

28 జూన్, రాత్రి

చేతులకి ఇంకా పనస జిగురు ఉంది.

అమ్మ వంటింటి గుమ్మం అవతల కుర్చీ వేయించుకుంది. అక్కడ్నుంచే పెత్తనం. చేతులకి నూనె రాసుకోలేదేం. కత్తి అలాగ పట్టుకుంతారేటి. ఇంకా సన్నగా, ఇంకా సన్నగా, పొట్టు అంటే పొట్టులా ఉండాల. ఉడికించి, పిండి, పోపు పెట్టాను. మినపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, చింతపండు పులుసు. ఆవ పెట్టే ముందు పొయ్యి ఆర్పించింది. సెగ మీద ఏస్తే సేదెక్కిపోద్ది, సల్లారనీ అని అరిచింది. అందరూ చేసే తప్పు అదేనట.

ఇది పెల్లి కూర అంది. అమ్మ పెళ్ళిలో అరిటాకులో మొదట వడ్డించింది ఇదేనట. ఆ రోజు మీ తాత అప్పు సేసి పెట్టినాడు, ఎస్టేటంతా తిన్నాది, దొర కారాపి వాసన సూసినాడు అని చెప్పింది. ఇది తినీవోడిని ఎవులూ లేనోడు అనరు. నువ్వు తింతే ఇలాటియి తిను. పనసపొట్టు. పులిహోర. గుమ్మడికాయ దప్పళం. నూని బూరెలు. అన్నీ నేర్పుతాను. ఆ కుళ్ళిపోయిన గింజల బిళ్ళ నా కంట పడనియ్యకు అంది. టెంపే గురించి.

నీచు తినరా అని మాత్రం అనలేదు. మరవల్లి ఆకు మాటా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తర్షిణి ఇపో నుంచి వచ్చి మారు వడ్డించుకుంది. ఆవ ముక్కుకెక్కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తయ్యా, ఇన్నాళ్ళూ నాకెందుకు నేర్పలేదు అని అడిగింది. నువ్వు ఎప్పుడు అడిగినావు అంది అమ్మ.

7 జూలై, ఆదివారం

అమ్మని దింపి వచ్చాం. కన్ను బాగా కనిపిస్తోందట. నా నెత్తి మీద తెల్ల వెంట్రుకలు చూసి ఇవెప్పుడొచ్చినాయి అని కంగారు పడింది.

అక్క చేపల పులుసు పెట్టింది. నాకు వేరే గిన్నెలో గుమ్మడికాయ. అమ్మే వండింది, కొత్త కన్నుతో. పక్కన అప్పడం పెట్టి, ఇందులో పాలూ లేవు పెరుగూ లేదు, నెయ్యి కూడా ఎయ్యలేదు, సూసుకో అంది. అక్క పిల్లలు నవ్వారు. అమ్మ నవ్వలేదు.

ఆ ఇంట్లో మొదటిసారి దాచుకోకుండా తిన్నాను.

14 ఆగస్టు

అమ్మ ఫోన్ చేసింది. నాకే చేసింది. ఏటి తిన్నావు అని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నది.

కడుపు నిండినాదా అంది.

నిండినాదమ్మా అన్నాను.