ఎర్రదారం కుట్లు

మాస్టారూ, పొద్దున షిఫ్టుకి వెళ్తున్నాను. లేవగానే నడుం కర్రలా బిగుసుకుపోయిందని మళ్లీ పడుకోకండి. మీ వెన్ను వాతం పడుకుంటే బిగుస్తుంది, కదిలితేనే వదులుతుంది. వేడినీళ్లు పోసుకుని, వీధి చివరిదాకా నడిచొచ్చాకే కుట్టుమిషను ముందు కూర్చోండి.

నిన్న మీ ప్యాంట్లు ఇస్త్రీ చేస్తుంటే దొంగ దొరికాడు. అన్నిటికీ నడుం దగ్గర కుట్లు విప్పి వదులు చేసుకున్నారు! ఊరందరి కొలతలూ తీసే మనిషి సొంత కొలత పెళ్లాం దగ్గర దాస్తారా? డాక్టరమ్మ బరువు చూసుకోమంటే, "ఎందుకమ్మా, పాత ప్యాంట్లే పడుతున్నాయి" అని ఎంత నిబ్బరంగా బుకాయించారు! ఒళ్లు పెరిగితే నొప్పీ పెరుగుతుందని, వెన్నుకని వేస్తున్న ఇంజెక్షను కూడా సరిగ్గా పనిచేయకపోవచ్చని ఆవిడ చెప్పింది గోడకా? పాపం, నొప్పి తగ్గట్లేదని ఆవిడేమో తప్పంతా ఆ మందుదే అనుకుని మార్చేద్దామంటోంది. రేపు వెళ్లి నిజం చెప్పేద్దాం. ఆ తర్వాత ఏ మందో ఆవిడే చూసుకుంటుంది.

ఆ ప్యాంట్లన్నీ నేనే పాత కొలతకి బిగించేశాను. ఇవాళ్టికి ఒక్కటి మాత్రం వదిలాను. నల్ల ప్యాంటుకి ఎర్రదారమేంటని గుండె పట్టుకోకండి. మళ్లీ విప్పితే నాకు తెలియాలిగా! వానలు పడేలోగా అవన్నీ మీకు పట్టకపోతే నా పేరు మార్చేయండి. సాయంత్రం నడకకి నేనూ వస్తాను.

అన్నట్టు, నా కుట్టు వంకరగా ఉందని నవ్వకండి. వంకర కుట్టయితే విప్పి మళ్లీ కుట్టొచ్చు. మీ వెన్ను వంగిపోతే విప్పి కుట్టడం నాకు రాదు.