మా ఇంటికి మాత్రం అసలు అద్దాలు

విజయనగరం,
మంగళవారం.

చిరంజీవి తమ్ముడు సూర్యానికి అక్క ఆశీస్సులు.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మరదలు మాత్రలు వేళకు వేసుకుంటోందా? ఇక్కడ నేనూ అమ్మాయీ మనుమరాలూ క్షేమమే. నువ్వు పంపిన చోడిపిండి అందింది. మన పాతపట్నం వదిలి వచ్చాక అంబలి కాచినా పక్కన కూర్చుని తాగేవాళ్ళు లేరు. అయినా బాగానే ఉన్నాను, బెంగపడకు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో మాట మారుస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మాది పాత మేడ. పడమటి గదులు సాయంత్రానికి కాగిపోతాయి. కిటికీలకు రెండు పొరల అద్దాలు, లోపల వేడిని వెనక్కి కొట్టే పూత ఉన్నవి, వేయించాలని అన్ని వాటాలవాళ్ళూ అనుకున్నారు. ఆ పని నీ కొడుకు గోపికి ఇమ్మని నేనే చెప్పాను. మేడ లెక్కలు రాసేది నేనే కనుక నా మాట మీద ఒప్పుకున్నారు. బిగించేముందు ఒక ముక్క తెచ్చి చూపించమని వాణ్ణి అడగలేదు. సొంత మేనల్లుణ్ణి నమూనా అడిగితే పుట్టింటిని అనుమానించినట్టు కాదూ!

పోయిన వారం కింది వాటా అప్పలనరసమ్మ మా గదిలోకి వచ్చి నిలబడిపోయింది.

"ఏటి మేష్టారమ్మా, మీ ఇల్లు ఇంత సల్లగున్నాది? మా కొంపలో పెనం మీద కూకున్నట్టున్నాది. అద్దాల్లో కూడా సుట్టరికం సూసినాడేటి మీ మేనల్లుడు?"

ఆమె నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. బడిలో కాంతి పాఠాలు చెప్పినదాన్ని. సంధ్యాదీపం వెలిగించి మా కిటికీ ముందు పెడితే అద్దంలో పొరకు రెండేసి చొప్పున వరసగా నాలుగు దీపాలు కనిపించాయి, పూత ఉన్న వైపుదాని రంగు వేరు. అదే దీపంతో కిందికి దిగాను. వాళ్ళ అద్దంలో ఒకదానికొకటి అంటుకున్న జత ఒక్కటే కనిపించింది. రెండో పొర లేదు, పూతా లేదు. నల్లని అద్దం ఒకటి పెట్టి, అంచు కనబడకుండా మందపాటి రబ్బరు కప్పాడు. మిగతా వాటాల్లోనూ అంతే. మా ఇంటికి మాత్రం అసలువి.

గోపిని పిలిపించాను. తల వంచుకుంటాడనుకున్నాను.

"నీకు మంచివే ఏసినాను కదత్తా. ఇంకేటి గొడవ? ఆళ్ళకేటి తెలుస్తాది?"

"నాకు తెలిసింది కదరా."

"నువ్వు సెప్పకపోతే సరి. నాన కూడా అదే అన్నాడు. అత్త మన మనిషే, సర్దుకుంటాదని."

ఆ మాట విన్నాక వాణ్ణి పంపేశాను తమ్ముడూ. వాడొక్కడే చేశాడంటే ఆశకు పోయాడనుకుందును. నా నోరు మూయించడానికి నా కిటికీకి చల్లదనం పెట్టాలని నీకెలా తోచింది?

ఆదివారం అందరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. నీ పేరు మాత్రం నోటికి రాలేదు. అప్పలనరసమ్మ భర్తకు గుండెజబ్బు. కిటికీల కొలతలు ఒకటే కనుక మా అద్దాలు విప్పించి వాళ్ళకు పెట్టించాను, వాళ్ళవి మేము తీసుకున్నాం. మనుమరాలు గొణిగింది, తర్వాత తనే చీర తెచ్చి కిటికీకి అడ్డం కట్టింది.

అన్ని ఇళ్ళకూ అసలు అద్దాలు వేసేదాకా గోపి నా గుమ్మం ఎక్కకూడదు. వాడు నీమీద చెప్పింది అబద్ధమైతే వెంటనే రాయి. నిజమైతే వాణ్ణి వెంటబెట్టుకుని నువ్వే రా. వచ్చాక ముందు కింది వాటా తలుపు తట్టు. మెట్లెక్కడం ఆ తర్వాత.

మరదలికి, పిల్లలకు నా దీవెనలు. పిన్నికి నమస్కారాలు చెప్పు.

నీకు ఇంకా అక్కనే,
సత్యవతి