ముసలమ్మ లెన్సు నా కంట్లో ఉన్న విషయమై

తేది: 10-03-2025, సోమవారం
మైపాడు, ఇందుకూరుపేట మండలం

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి, నెల్లూరు.

అయ్యా,

విషయం: ఉచిత కంటి శిబిరంలో ఇద్దరు స్త్రీల లెన్సులు తారుమారు చేసి, ఆ తప్పును ఆ ఇద్దరిలో ఒకరి నెత్తినే రుద్దినవారిని శిక్షించుట గురించి.

ఈ అర్జీ ఈ దినమే రాయడానికి కారణాలు రెండు. ఎల్లుండి బుధవారంతో మా ఆపరేషన్లు జరిగి తొంభై దినాలు నిండుతాయి. తొంభై దాటితే కంటిలో లెన్సు చుట్టూ ఉండే పొర దానికి గట్టిగా అతుక్కుంటుందనీ, తీసి మార్చడం ప్రమాదమనీ వేరొక డాక్టరు చెప్పారు. రెండవది, వచ్చే ఆదివారం సాయంకాలం మైపాడు బీచిలో ఆ ఆసుపత్రివారు వెయ్యి ఆపరేషన్ల సభ పెట్టి తమ మేనేజరు నరేంద్రబాబుకు శాలువా కప్పబోతున్నారు. ఆ ఆసుపత్రి పేరు జతపరచిన కాగితంలో ఉన్నది. ఇక్కడ రాసి వారికి ఉచిత ప్రచారం చేయదలచుకోలేదు.

నా పేరు పామూరు వెంకటశేషమ్మ. వయసు డెబ్భై రెండు. ముప్పై నాలుగేళ్ళు ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రెండవ బాధితురాలు మా వీధిలోనే ఉండే వాయల ముసలమ్మ, వయసు అరవై ఎనిమిది, చేపలు అమ్ముకుని బతికే మనిషి. ముసలమ్మ అన్నది ఆమె పేరు. అమ్మవారి పేరు. పుట్టినప్పుడు ఉయ్యాలలో పెట్టిన పేరే గాని, వయసు మీద పడి వచ్చినది కాదు. ఈ అర్జీ అంతా ఈ ఒక్క ముక్క మీద నిలబడి ఉన్నది గనుక తమరు దీనిని మరువకూడదు.

1. శిబిరం 8-12-2024న జరిగింది. మా ఇద్దరికీ ఎడమ కంట శుక్లం ముదిరిందని తేల్చి, కన్ను పొడవు మిషనుతో కొలిచి, ఎవరికి ఏ పవరు లెన్సు వేయాలో చీటీల మీద రాసి ఇచ్చారు. చిన్ననాటి నుంచి నాకు దూరం ఆనదు, మందపు అద్దాలు. అందువల్ల నా కంటికి 13.5 చాలు. ముసలమ్మ జన్మలో అద్దాలు పెట్టినది కాదు. ఆమెకు 22.5 కావాలి. రెండు చీటీలూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

2. 12వ తేదీన పందొమ్మిది మందిని బస్సులో నెల్లూరు తీసుకుపోయారు. అందులో ఆడవాళ్ళం పదకొండు మంది. అందరికీ ఒకే రంగు గౌను, తలకు ఒకే రకం టోపీ. కంట్లో చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసినందున ఎదుట ఉన్నది మనిషో గోడో తెలియదు. ఎవరి ఒంటి మీదా పేరు చీటీ లేదు. జాబితా చేతబట్టుకుని పిలిచే ఉద్యోగి సుధాకర్, వయసు ఇరవై నాలుగు, ఆడవాళ్ళందరినీ ఒకే పిలుపు పిలిచాడు.

"ముసలమ్మా, ఆడ కాదు, ఈడ కూర్చో."

"నా పేరు వెంకటశేషమ్మ. ముసలమ్మ ఆమె," అన్నాను.

"సరే ముసలమ్మా, కూర్చో."

పక్కన ఉన్న నర్సులు నవ్వారు. ఇట్లా నాలుగు సార్లు నన్ను ముసలమ్మా అన్నాడు, నాలుగు సార్లూ సరిదిద్దాను. నాలుగోసారి, "కాగితం మీద పేరుంది గదా నాయనా, అది చదివి పిలువు," అన్నాను.

"పదకొండు మంది ముసలమ్మలకి పదకొండు పేర్లు యాడ గుర్తు పెట్టుకునేది అవ్వా? నాకేమన్నా నీ మాదిరి పనీపాటా లేదా?" అన్నాడు.

ముసలమ్మ బాత్రూముకు పోయి ఉన్నప్పుడు ఐదోసారి వచ్చాడు. జాబితాలో ఆ వరసన ఉన్నది నిజంగా ఆమె పేరే. "ముసలమ్మ, ఎడమ కన్ను," అని చదివి నా భుజం తట్టాడు. "నిన్నే, లే."

నేను లేచాను.

3. ఈ మూడవ అంశం నా మీద నేనే చేసుకుంటున్న ఫిర్యాదు. దీనిని దాచి మిగిలినవి రాస్తే ఈ అర్జీకి విలువ లేదు. ముప్పై నాలుగేళ్ళు ప్రతి ఉదయం హాజరు పిలిచాను. ఇంకొకరి పేరుకు "ఉన్నాను టీచర్" అని పలికిన పిల్లలను జాలి చూపకుండా బెంచీ ఎక్కించాను. "పేరు నీది కాకపోతే నోరు తెరవకూడదు" అని ఎన్ని వందల మందికి చెప్పానో లెక్కలేదు. ఆ దినం నాకు విసుగు పుట్టింది. ఎన్నిసార్లు చెప్పినా వినని వాడితో మళ్ళీ వాదించడం ఎందుకని, నాది కాని పేరుకు లేచి నడిచాను. లోపల డాక్టరుగారు నా ముఖం చూడలేదు, గుడ్డ కప్పి ఉన్నది. ఆయన చేతిపని మీద నాకు ఫిర్యాదు లేదు. పది నిమిషాల్లో, నొప్పి లేకుండా, శుభ్రంగా చేశారు. కన్ను ఎవరిదో అడగలేదు, అంతే.

తరువాత నా పేరు పిలిస్తే ఎవరూ పలకలేదట. "మిగిలింది నువ్వేగా, రా," అని సుధాకర్ ముసలమ్మను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఈ విధంగా ఆమె లెన్సు నాకూ, నా లెన్సు ఆమెకూ పడినవి.

4. ఆపరేషను తరువాత ముసలమ్మకు మందు చుక్కలు నా చేతులతో నేనే వేశాను. మొదటి వారం దినానికి ఆరు, రెండవ వారం ఐదు, ఆ క్రమాన తగ్గించుకుంటూ ఆరు వారాలకు నూట నలభై ఏడు. ప్రతి చుక్కకూ తేదీ, సమయం నోటుబుక్కులో ఉన్నవి. 28-12 మధ్యాహ్నం మూడు గంటల చుక్క, నెల్లూరు నుంచి నేను తిరిగి రావలసిన బస్సు వేళకు రానందున, పన్నెండు నిమిషాలు ఆలస్యమైంది. అదీ రాశాను. తలకు నీళ్ళు పోసుకోనివ్వలేదు, గంప ఎత్తనివ్వలేదు, పొయ్యి ఊదనివ్వలేదు.

ఆరు వారాలు గడిచినా ఆమెకు చూపు నిలవలేదు. "ఆపరేషనుకు ముందు మంచులో ఉండినట్టు ఉండె టీచరమ్మా. ఇప్పుడు సముద్రంలో మునిగి కండ్లు తెరిసినట్టు ఉండాది," అన్నది. కుడి కంట ముదిరిన శుక్లం. ఎడమ కన్ను ఈ విధం. చేపలు ఏరుతూ జెల్ల ముల్లు అరచేతిలో దిగబడి పది దినాలు జ్వరపడింది. ముప్పై ఏళ్ళుగా చేపను చూడకుండానే రకం చెప్పగలిగిన మనిషి, ఇప్పుడు చూస్తూ చూస్తూ ముల్లు మీద చెయ్యి పెట్టింది.

5. నాకు అటువంటి బాధ లేదు. ఈ పొరపాటు వల్ల నాకు దూరం మరింత పోయింది గాని, కాగితం ముక్కుకు ఆనించుకుంటే చీమ తలకాయంత అక్షరం కూడా నున్నగా కనబడుతుంది. జనవరి 24న మా ఇద్దరి డిశ్చార్జి కార్డులనూ అట్లా ఆనించుకుని చదివాను. ప్రతి కార్డు మీదా లెన్సు డబ్బా నుంచి ఊడదీసిన చిన్న స్టిక్కరు అంటించి ఉంటుంది. మామూలు కంటికి ఆ అంకెలు గీతల్లా కనబడతాయి. నా పేరుగల కార్డు మీద 13.5 అనీ, ముసలమ్మ కార్డు మీద 22.5 అనీ సరిగానే ఉన్నవి. కాగితాలు సరిగా ఉన్నవి, కళ్ళు మాత్రమే మారినవి. 3-02న నా మనుమరాలు ఉషారాణి మమ్మల్ని వేరొక డాక్టరు దగ్గరకు తీసుకుపోయి పరీక్ష చేయిస్తే ఆ సంగతే రూఢి అయింది. అద్దాలతో కొంత సర్దుకోవచ్చు గాని, రేపు కుడి కంటికి ఆపరేషను జరిగితే రెండు కళ్ళకూ పొంతన కుదరదని ఆయన రాసి ఇచ్చారు.

"పోనీలే అవ్వా, కేసులూ అవీ ఎందుకు, అద్దాలు పెట్టుకుంటే పోలా?" అన్నది ఉషారాణి. పోనీలే అన్నవారి పేర్లు కూడా ఒక పేజీలో రాసుకున్నాను. మనుమరాలు గనుక ఆమె పేరు పెన్సిలుతో రాశాను.

ముసలమ్మ మాత్రం విని నవ్వింది. "నా కన్ను నీ కాడ, నీ కన్ను నా కాడ. ఇంక మనిద్దరం ఒక ఇంట్లోనే ఉండాల్సిందే. వంట మాత్రం నేను చెయ్యనమ్మా." నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

6. జనవరి 27న ఇద్దరం ఆసుపత్రికి పోయి నరేంద్రబాబు ముందు చీటీలు పెట్టాము. ఆయన వాటిని ముట్టుకోలేదు.

"ఫ్రీగా చేస్తే ఇదేనా మర్యాద? మీరు పల్లెటూళ్ళో ఆకు పసర్లు పోసుకునేది, కండ్లు పోగొట్టుకునేది, మళ్ళా మా మీద పడేది," అన్నాడు.

"నేను పసరు పోసుకుంటే నా చెయ్యి ఇరగ. టీచరమ్మ పక్కనుంటే గాలి గూడా పడనియ్యదు గదయ్యా," అన్నది ముసలమ్మ.

"నువ్వు మాట్లాడబాక ముసలమ్మా."

అప్పటికి కూడా ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచాననుకోలేదు.

మూడుసార్లు తిప్పుకుని ఫిబ్రవరి 24న కేసు షీటు చూపించారు. అందులో "రోగి చుక్కల మందు వాడలేదు. ఆకు పసరు పోసుకున్నది" అని నరేంద్రబాబు చేతిరాత ఉన్నది. తేదీ 30-12 అని వేశాడు. ఆ దినం ముసలమ్మ మైపాడులో తన ఇంట్లోనే ఉన్నది. ఏడుకు, పదకొండుకు, మూడుకు, మళ్ళీ ఏడుకు నేను చుక్కలు వేశాను. అంతకన్నా గట్టి సాక్ష్యం ఆ కాగితం మీదే ఉన్నది. ముక్కుకు ఆనించి చూస్తే, దిద్దిన అంకెల కింద 27-01 ఇంకా బతికే ఉన్నది. మమ్మల్ని పంపించిన దినమే రాసి, అలవాటుగా ఆనాటి తేదీయే వేసి, తరువాత దిద్దాడు. వారు తప్పుగా పెట్టిన కంటితోనే వారి అబద్ధం చదివాను.

7. మా తాతమ్మ కాలంలో ఊరూరా తిరిగే కంటివైద్యుడు ఒకాయన సూదితో శుక్లాన్ని పక్కకు నెట్టేవాడట. ఆ సూదితో ఎన్ని కళ్ళు చీము పట్టాయో ఎవరికీ తెలియదు. అయినా ఆయన గడపలో కూర్చుని, పేరు, ఇంటిపేరు, పెనిమిటి పేరు అడిగిగాని సంచి విప్పేవాడు కాదని మా అమ్మ చెప్పేది. మిషన్లు వచ్చాయి, పేరు అడిగే ఓపిక పోయింది.

ఆదివారం సభ ఆహ్వానపత్రం మీద నల్లద్దాలతో నవ్వుతున్న ముసలమ్మ ఫోటో వేశారు. కింద "చూపు వచ్చిన ఒక ముసలమ్మ" అని ఉన్నది. ఒక ముసలమ్మ కాదు. వాయల ముసలమ్మ. ఆమెకు చూపు రాలేదు. ఆ కాగితాన్ని ఆమె చేతిలో పెడితే, అది ఏమిటని నన్నే అడిగింది.

శాంతించమని నాకు చెప్పవద్దు. ఈ అర్జీ కోపంలో రాసినది కాదు. నాలుగు చిత్తులు రాసి, కోపమంతా వాటిలో వదిలి, మిగిలిన పగతో ఈ శుద్ధప్రతి రాశాను. తమరు దీనిని ఆసాంతం చిత్తగించవలెను, చిత్తగించి పక్కన పెట్టరాదు. ఇక జరగవలసినవి:

1. రేపే ముసలమ్మను వేరొక మంచి కంటి డాక్టరు చేత పరీక్ష చేయించి, లెన్సు మార్పించాలి. ఆ ఆసుపత్రి గడప ఆమె చేత మళ్ళీ తొక్కించకూడదు.

2. అసలు కేసు షీటును ఎల్లుండిలోగా స్వాధీనం చేసుకోవాలి. ఆలస్యమైతే అది తడిసిందనో, ఎలుక కొరికిందనో అంటారు.

3. పసరు మాటను చెరిపివేయరాదు. ఎర్రసిరాతో కొట్టివేసి, పక్కన "ఇది నేను రాసిన అబద్ధం" అని నరేంద్రబాబు సొంత దస్తూరీతో రాసి సంతకం పెట్టాలి.

4. ఆదివారం సభను రద్దు చేయవద్దు. అదే వేదిక మీద, అదే శాలువాతో, అదే జనం ముందు ఆయన ఆ వాక్యాన్ని పైకి చదివి, ఆమెను ఇంటిపేరుతో సహా పిలిచి క్షమాపణ చెప్పాలి. నాకు మొదటి వరసలో కుర్చీ వేయించాలి.

5. సుధాకర్‌ది పొగరు, నరేంద్రబాబుది పాపం, రెండింటికీ ఒకే శిక్ష తగదు. సుధాకర్ ఉద్యోగం తీయవద్దు. ఏడాదిపాటు ప్రతి ఆపరేషనుకు ముందు అతడే హాజరు పిలవాలి. పేరు, ఇంటిపేరు, ఊరు, ఏ కన్ను అన్నది రోగి తన నోటితో చెప్పాలి. తల ఊపితే లెక్కకు రాదు.

6. ఆ బస్సులో వచ్చిన మిగిలిన పదిహేడు మంది కేసు షీట్లను నాకు చూపించాలి. వారిలో ఎవరికి ఎవరి కన్ను పడిందో ఇంకా తెలియదు.

7. నా లెన్సును ఇప్పుడు మార్చవద్దు. తొంభై దినాలు దాటితే ప్రమాదమని తెలిసే రాస్తున్నాను. ఆ పదిహేడు షీట్లూ చివరి అంకె వరకు చదివేదాకా ఈ కన్ను నాకు కావాలి. నాది కాని పేరుకు లేచి నడిచినందుకు ఇదే నేను ఎక్కే బెంచీ.

తమ విధేయురాలు, ఈ పని పూర్తయ్యేవరకు ప్రతి సోమవారం తమ కార్యాలయం వరండాలో కనబడబోయే,
పామూరు వెంకటశేషమ్మ

రెండవ సంతకం: వాయల ముసలమ్మ. కాగితం తడుముకుంటూ తానే పెట్టింది. అక్షరాలు గీత దాటి కిందికి పోయాయి. నేను సరిదిద్దలేదు.