లాండ్రీ రాణి మొహం మాకు తిరిగి ఇప్పించుట గురించి

పాత యుద్ధ విమానాల ప్రదర్శనశాల ముఖ్య అధికారి గారి సముఖమునకు,
రైల్వే గేటు పక్కన ఇస్త్రీ దుకాణం నడుపుకొను స్త్రీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ ప్రదర్శనశాలలోని బాంబర్ విమానం ముక్కు మీద మా అమ్మ మొహంతో వేయించిన బొమ్మను చెరిపించుట గురించి.

తమకు నమస్కరించి మనవి చేసుకొనునది ఏమనగా:

1. తమ రెండవ షెడ్డునందు నాలుగు ఇంజన్ల బాంబర్ విమానమొకటి కలదు. దాని ముక్కు మీద ఒక యువతి, ఒంటి మీద నూలుపోగు లేకుండా, బాంబు మీద గుర్రమెక్కినట్టు కూర్చుని నవ్వుచున్నది. కింద ‘లాండ్రీ రాణి’ అని పేరు. ఆ మొహం మా అమ్మది. ఆమె సజీవురాలు. ఎనభై ఏళ్ళు. ఇది రాస్తుంటే నా పక్కనే కూర్చుని తువ్వాళ్ళు మడత పెడుతోంది.

2. యుద్ధకాలమున మా అమ్మ ఆ విమానం ఉండిన స్థావరపు లాండ్రీలో పని చేసియున్నది. ఒకనాడు గేటు కాపలావాడు “కొత్తది ఇస్తాం” అని ఆమె గుర్తింపు కార్డు తీసుకున్నాడు. కొత్తదేమీ ఇవ్వలేదు. పాతదే తిరిగి వచ్చింది, ఫోటో మీద పెన్సిల్‌తో నిలువూ అడ్డమూ గళ్ళు గీసి. తన మొహం మీద గళ్ళెందుకో ఆమెకు అంతుపట్టలేదు. విమానం షెడ్డులోంచి బయటికి వచ్చిన రోజున తెలిసింది. చిన్న బొమ్మను గళ్ళ లెక్కన పెద్దది చేస్తారట. మొహం ఆమెది, ఒళ్ళు ఏ పత్రికలోదో. చుట్టూ చేరినవాళ్ళు ఈలలు వేస్తుంటే, ఉతికిన బట్టల బుట్ట అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది.

3. మా నాన్న అదే స్థావరంలో వెల్డరు. అప్పటికి వాళ్ళకు పెళ్ళి కాలేదు, మాట మాత్రం అనుకున్నారు. ఆయన తారు డబ్బా పట్టుకుని నిచ్చెనెక్కి బొమ్మంతా పూసేశాడు. యుద్ధ సామగ్రిని పాడు చేసిన నేరం కింద జైల్లో పెట్టారు. తారు గీకేసి బొమ్మ మళ్ళీ వేశారు. విమానం వెళ్ళి ఎవరి ఊళ్ళ మీదనో బాంబులు కురిపించి, మా అమ్మ మొహంతోనే తిరిగి వచ్చింది. “తలెత్తి చూసినవాళ్ళకి చివరగా కనిపించింది నేనేనేమోనే” అని ఆమె ఇప్పటికీ అంటుంది. దానికి జవాబు తమ దగ్గర ఉంటే చెప్పగలరు.

4. యుద్ధానంతరము సదరు విమానమును ఒక కంచె అవతల పారవేసినారు. మా అమ్మకు అంతకు మించిన మేలు ఎవరూ చేయలేదు. ఎండకూ వానకూ రంగు పెచ్చులూడిపోయేది. నన్ను బడికి తీసుకువెళుతూ కంచె దగ్గర ఆగేది. “ఇవాళ చెయ్యి పోయిందే” అనేది. ఇంకో ఏడాది, “ఒక కన్ను పోయింది.” మొహమంతా రాలిపోయిన రోజున నాచేత బడి ఎగ్గొట్టించి సినిమాకు తీసుకువెళ్ళింది. ఎందుకమ్మా అని అడిగితే, “ఇవాళ్టి నుంచి నేనెవరో ఎవరికీ తెలియదు” అంది.

5. ఇట్లుండగా తమరు సదరు విమానమును తెచ్చి, పాత ఫోటోలు చూసి బొమ్మ తిరిగి వేయించినారు, ఆ సంగతి మాకు తెలియదు. ఇటీవల ఒక గిరాకీ ఇస్త్రీ నిమిత్తము తమ ప్రదర్శనశాలలో కొన్న బనీనొకటి తెచ్చియున్నాడు. విప్పి బల్ల మీద పరిచాను. మా అమ్మ. కొత్త రంగుల్లో నిగనిగలాడుతూ, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. నా చేతిలో కాలుతున్న ఇస్త్రీపెట్టె. ఎక్కడ పెట్టమంటారో తమరే సెలవియ్యండి. గుండెల మీద పెట్టనా? మొహం మీద పెట్టనా? మా అమ్మ లేచి వచ్చి చూసింది. తర్వాత బనీను తిరగేసి, “లోపలివైపు నుంచి చెయ్యి. గిరాకీ ఏం చేశాడు పాపం” అంది.

6. అంతట నేను తమ కార్యాలయమునకు వచ్చితిని. “చరిత్రని ఉన్నదున్నట్టు చూపించాలి కదమ్మా, మనకి నచ్చలేదని మారుస్తామా” అని తమరు సెలవిచ్చారు. ఆమె బతికే ఉందండీ అని చెప్పాను. అప్పుడు తమ కళ్ళు మెరిసిన తీరు చచ్చేదాకా మరచిపోను. “బతికే ఉన్నారా! ఎంత అదృష్టం! వార్షికోత్సవానికి తీసుకురండి. విమానం పక్కన అదే భంగిమలో... అంటే, కుర్చీలోనే లెండి... ఒక ఫోటో తీద్దాం” అన్నారు. లేచి వస్తుంటే అదే బొమ్మ ఉన్న కాఫీ కప్పు నా చేతిలో పెట్టారు. దాన్ని మీ గేటు దగ్గర చెత్తబుట్టలో వేశాను. ఇంటికి వచ్చి చెయ్యి రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను.

7. మరునాడు టికెట్టు కొని లోపలికి వచ్చాను. ఆ విమానం తోక దగ్గర గుండ్లు దూసుకుపోయిన చిల్లులు ఉండేవి, చిన్నప్పుడు కంచెలోంచి చూశాను. తోక తుపాకీ పేల్చే కుర్రవాడు అక్కడే చచ్చిపోయాడని మా నాన్న చెప్పేవాడు. ఇప్పుడు ఒక్క చిల్లూ లేదు. పుట్టీ పెట్టి, నున్నగా రుద్ది, రంగు కొట్టారు. గైడును అడిగితే, “పిల్లలు భయపడతారని సారే పూడ్పించారండీ” అన్నాడు. అయ్యా, పిల్లలు భయపడితే చరిత్రను పూడ్చవచ్చును. మా అమ్మ తలెత్తుకోలేకపోతే మాత్రం చరిత్రను ముట్టుకోరాదు. దీన్ని చదువుకున్నవాళ్ళు ఏమంటారో నాకు తెలియదు. మా దుకాణంలో నీచమంటాం.

8. సదరు గైడు “ఈ అమ్మాయి సరదాపడి, తనే నిలబడి గీయించుకుందట” అని జనాన్ని నవ్వించుచున్నాడు. నీకెవరు చెప్పారంటే, “సారు అట్లాగే చెప్పమన్నారండీ” అన్నాడు.

కావున మా కోరిక చిన్నది. విమానం తమరే ఉంచుకోండి. బాంబూ ఉంచుకోండి. ఆ ఒళ్ళు ఎవరిదో మాకు తెలియదు, దాని సంగతి తమరూ దాని తాలూకు మనుషులూ తేల్చుకోండి. మొహం మాది. మా మొహం మాకు ఇప్పించండి.

పై సంగతులు సావకాశముగా, సాధ్యమైతే సిగ్గుతో, చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు (ఈ ఒక్క కాగితం వరకు),
లాండ్రీ రాణి కూతురు

తా.క.: అర్జీ మా అమ్మకు చదివి వినిపించాను. “మన మొహం మనకి ఇవ్వమనడానికి ఇన్ని దణ్ణాలా?” అంది. ఈ పొద్దున చేతికర్ర పట్టుకుని బయల్దేరింది. వెనకే నేనూ వచ్చాను. టికెట్టు కొనుక్కుని, విమానం ముక్కు కింద కుర్చీ వేయించుకుని కూర్చుంది. గైడు “సరదాపడి” అనే మాట ఎత్తినప్పుడల్లా, “అది నేనే నాయనా. నన్నెవరూ అడగలేదు” అంటోంది. గట్టిగా కూడా అనడం లేదు. నవ్వబోయినవాళ్ళు నోళ్ళు మూసుకుంటున్నారు. ఆ బనీనే తొడుక్కుని వచ్చిన కుర్రాడొకడు పైచొక్కా గుండీలన్నీ పెట్టేసుకున్నాడు. మధ్యాహ్నానికి గైడు ఆ మాట దగ్గర ఆగి, ఆమె వైపు తిరిగి, “ఇక్కడ మీరే చెప్పండమ్మా” అన్నాడు. ఆమె చెప్పింది. జనం కదలకుండా విన్నారు.

ఈ నాలుగు ముక్కలు మీ షెడ్డులో నిలబడే రాస్తున్నాను. బొమ్మ చెరిపేదాకా రోజూ వస్తుందట. తమరు పైన కిటికీలోంచి రెండుసార్లు తొంగిచూశారు, కిందికి మాత్రం దిగలేదు. దిగి రండి, భయం లేదు. ఆమె తమరిని పల్లెత్తు మాట అనదు. తిట్టడానికి నేనున్నాను.