గేటుకు కట్టిన ఫ్లెక్సీలో అవ్వ

హిందూపురం, ఆదివారం

పెద్దవ్వకు నమస్కారం. నీ చెల్లెలు, మా అవ్వ, నిక్షేపంగా ఉంది. ఎవరేం చెప్పినా నమ్మవద్దు. నీకు ఫోన్‌లో వినపడదని కార్డు రాస్తున్నాను.

కాలనీలో అందరికంటే పెద్దదని మా అసోసియేషన్ వాళ్లు అవ్వకు సన్మానం తలపెట్టారు. ఫ్లెక్సీ షాపువాడు ఆమె ఫొటోను శ్రద్ధాంజలి డిజైన్‌లో పెట్టేశాడు. కట్టినవాళ్లూ చూసుకోలేదు. పొద్దున గేటు దగ్గర దీపాల మధ్య దండతో అవ్వను చూసి నిశ్చేష్టురాలినయ్యాను. పాఠంలో బట్టీపట్టిన ఆ మాటకు అర్థం, కాళ్లు కదలనప్పుడు తెలిసింది. ఎలాగో ఇంటికి పరుగెత్తితే అవ్వ అనపకాయలు ఒలుస్తోంది! వెనకే ఎదురింటి జయచంద్ర మామ పూలదండతో వచ్చి గుమ్మంలోనే కొయ్యబారాడు.

“ఏమప్పా, నాకొక మాటైనా చెప్పకుండానే పంపిస్తాండారే! దండ ఆడ పెట్టి కాపీ తాగిపో. ఆ ఫ్లెక్సీ పారేయొద్దండి, చింతపండు ఎండబెట్టుకునేకి అయితాది” అంది అవ్వ.

అందరం నవ్వాం. ఆయన వెళ్లాక మాత్రం “మా అక్క చెవిన పడితే తట్టుకోలేదు, ఇప్పుడే రాయి పాపా” అని కళ్లు తుడుచుకుంది.

మీ బుక్కపట్నం చెరువులో నీళ్లున్నాయా? నేను మీ ఇంట్లో మరిచిన నిఘంటువు, ఈసారి ఇటు వచ్చేటప్పుడు వేణు మామతో పంపు.

నీ దీవెన కోరే,
గీతాంజలి

కింది ముక్క అవ్వే పెన్ను లాక్కుని రాసింది.

అక్కా, ఈడనే ఉండా. యశోద