పాలచెట్టుకు బిందెడు నీళ్లు

ఆదివారం, రాత్రి

పులికాట్ సరస్సు ఒడ్డున మిగిలిన ఆ కాస్త పాత అడవిని ఇవాళ చూశాను. చుట్టూ సరుగుడు తోటలు, రొయ్యల గుంటలు. మధ్యలో ఎవరూ నాటని పాలచెట్లు. చేపలమ్మే పోలమ్మక్క ఎండుపుల్లలు ఏరుకోవడానికి పోతూ నన్నూ తీసుకుపోయింది. పాలపండు కోసం నేను వంచబోతే పచ్చికొమ్మ విరిగింది.

"ఏందన్నా, అడవిని కాపాడమని పేపర్లో రాసేది నువ్వే, విరిచేదీ నువ్వేనా! పచ్చికొమ్మ విరిచినోళ్లు చెట్టుకు బిందెడు నీళ్లు పోయాల. ఈ అడవి అమ్మోరిది, ఆమె కట్టుబాటు ఇది."

"అమ్మోరనేదే లేదక్కా."

"లేకపోతే పాయె. చెట్టయితే ఉండాది గదా, దానికి పోయన్నా."

ఊళ్లో చేతిపంపు దాకా నడిచి, ఆమె ఇంట్లో బిందెతోనే నీళ్లు మోసుకొచ్చి చెట్టుకు పోశాను. నన్ను చూసి పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

రేపు పంపాల్సిన వ్యాసంలో ఇలాంటి కట్టుబాట్లన్నీ అజ్ఞానమని తిట్టిపోశాను. అమ్మోరు లేదని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. కానీ పాతికేళ్లుగా అధికారులనూ కాంట్రాక్టర్లనూ కడిగేస్తూ రాస్తున్నానే, నా రాతలు ఒక్క చెట్టునైనా నిలబెట్టాయా? ఆ బిందెడు నీళ్ల కట్టుబాటు ఒక అడవినే నిలబెట్టింది.

'అజ్ఞానం' అన్న మాట కొట్టేశాను. దాని చోట ఏం రాయాలో ఇంకా తోచడం లేదు. బిందె మోసిన భుజం నొప్పిగా ఉంది, ఎందుకో హాయిగానూ ఉంది...